హెడ్‌లైటు బాధితుడి అర్జీ

దొంగలు పడితే పోలీస్ స్టేషనుంది. కరెంటు పోతే సబ్ స్టేషనుంది. కడుపున పుట్టినవాడు వరండాలో మోటారు సైకిలు విప్పి పరిచి, దాని మొహానికి జెనాన్ దీపం బిగిస్తానని కూర్చుంటే ఏ ఆఫీసు మెట్లెక్కాలో మాత్రం ఎక్కడా రాసి లేదు. అందుకని ఈ అర్జీ పాఠక మహాశయుల సముఖానికే దాఖలు చేసుకుంటున్నాను. తీర్పు చెప్పకపోయినా ఫర్వాలేదు, ఓపిగ్గా వింటే చాలు.

ముందు బండి పూర్వోత్తరాలు మనవి చేస్తాను. అది నా హీరో హోండా స్ప్లెండర్. 97.2 సీసీ. బెంజి సర్కిల్ నుంచి భవానీపురం దాకా బెజవాడలో అది దిగని గొయ్యి లేదు. కాళేశ్వరరావు మార్కెట్ నుంచి పండగ కూరగాయల్నీ, రైలు దిగిన బంధువుల్నీ ఒకే మర్యాదతో మోసింది. దానికో హెడ్‌లైటు ఉండేది. 35 వాట్ల హాలోజన్ బల్బు. ఆ పాత స్ప్లెండర్‌లో హెడ్‌లైటుకి కరెంటు బ్యాటరీ నుంచి రాదు. ఇంజను తిరిగితే మ్యాగ్నెట్ కాయిల్ పుట్టించే ఏసీ కరెంటే నేరుగా బల్బుకి పోతుంది. యాక్సిలరేటర్ ఇస్తే వెలుగు పెరుగుతుంది, సిగ్నల్ దగ్గర ఆగితే తగ్గుతుంది. ఎంత వేగానికి అంత చూపు. ఇంత ధర్మబద్ధమైన ఏర్పాటు నాకు గవర్నమెంటు ఉద్యోగంలో కూడా ఎక్కడా కనబడలేదు.

రిటైరయ్యాక ఆ బండి మావాడి చేతికి వెళ్ళింది. వాడు ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. బ్రాంచి సివిల్. ఈ సంగతి పాఠకులు దయచేసి గుర్తుంచుకోవాలి, ముందు ముందు అవసరం పడుతుంది.

"నాన్నా, నైట్ ఏం కనబడట్లేదు" అన్నాడొక రోజు భోజనాల దగ్గర.

"ఏం కనబడాలిరా? వీధి చివర స్పీడ్ బ్రేకర్. అది కనబడకపోయినా తెలుస్తుంది."

వాడు నవ్వలేదు. మా ఆవిడ మాత్రం "కళ్ళజోడు మార్పించండి పిల్లాడికి" అంది. మార్పించాల్సింది బండికని, అందుకు హెచ్‌ఐడీ కిట్ అనేదొకటి అప్పటికే బుక్ అయిందని, డబ్బులు నా ఖాతాలోంచే వెళ్ళాయని, పార్సిల్ వచ్చిన రోజున తెలిసింది. అట్టపెట్టెలో చిన్న నల్ల ఇనప డబ్బా ఒకటి, దాన్నుంచి బయల్దేరిన లావుపాటి వైర్లు, స్పాంజిలో పొదిగిన గాజుగొట్టం. వాడే విధానం చైనా లిపిలో ఉంది. మావాడు దాన్ని తిప్పి తిప్పి చూసి, అర్థమైందన్నట్టు తలూపి పక్కన పెట్టాడు.

ఆ సాయంత్రం నాకు పాఠం జరిగింది. ఈ గొట్టంలో ఫిలమెంటు ఉండదట. రెండు మొనలు ఎదురెదురుగా ఉంటాయి, మధ్యన నాలుగు మిల్లీమీటర్ల సందు. ఆ సందులో జెనాన్ వాయువు, కొన్ని లోహ లవణాలు. ఈ జెనాన్ మనం పీల్చే గాలిలోనే ఉంది గానీ, కోటి లీటర్ల గాలి వడపోసినా నిండా ఒక లీటరు రాదు. 1898లో రామ్సే, ట్రావర్స్ అనే ఇద్దరు పెద్దమనుషులు లండన్‌లో కూర్చుని దాన్ని పట్టుకున్నారు. అంత అపురూపమైన వస్తువు చివరికి మా స్ప్లెండర్‌లో తేలుతుందని వాళ్ళు కలగని ఉండరు. సరే, ఆ సందులో నిప్పు రాజెయ్యడానికి 20,000 వోల్టులు దాటిన దెబ్బ ఒక్కటి వెయ్యాలి. రాజుకున్నాక 85 వోల్టులతో గడిపేస్తుంది. లోపలి లవణాలు ఆవిరై, కొన్ని సెకన్లకి అసలు వెలుగు పుంజుకుంటుంది. ఆ మొదటి దెబ్బ వేసేదీ, తర్వాత ఒద్దికగా కరెంటు పంచేదీ ఆ నల్ల డబ్బా. దాని పేరు బ్యాలస్ట్.

"అంటే ట్యూబులైటు చోకేగా?" అన్నాను.

వాడి మొహం చూస్తే నేను ఐన్‌స్టీన్‌ని పట్టుకుని కిరాణా లెక్కలు రాయమన్నానేమో అనిపించింది. "చోక్ కాదు నాన్నా" అని, కాసేపాగి, "అలాంటిదే" అన్నాడు.

ఒక్క విషయంలో మాత్రం నాకు నోట మాట రాలేదు. ఇదీ 35 వాట్లేనట! పాత బల్బు డిమ్‌లో ఐదారు వందల ల్యూమెన్లు ఇచ్చే చోట ఇది మూడు వేల దాకా ఇస్తుంది. అదే కూలికి ఐదింతలు పనిచేసే మనిషి దొరికాడంటే ఇంటి యజమానికి సంతోషం కలగాలి. నాకు అనుమానమే కలిగింది. మా ఇంట్లో దేనికీ అలాంటి చరిత్ర లేదు.

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోవాలి. మా ఇంటికి ఆటో దూరంలో జవహర్ ఆటోనగర్ ఉంది. లారీ ఛాసిస్ తోలుకెళ్తే, దాని మీద చెక్కా రేకూ కలిపి బాడీ కట్టి, నంబరు ప్లేటు చుట్టూ పువ్వులు వేసి పంపే ఊరు అది. ఇరుసు విరిగిన బస్సు నుంచి మూగబోయిన హారన్ దాకా అక్కడ వైద్యం లేని రోగం లేదు. ఆ ఆటోనగర్ అలా ఉండగా ఈ శస్త్రచికిత్స నా వరండాలో ఎందుకు జరగాలి? దీనికి మావాడి జవాబు ఒక్కటే: "మనం చేసుకుంటే ఆ తృప్తే వేరు నాన్నా." తృప్తి వాడిది. వరండా నాది.

పని మొదలైంది. పది పన్నెండు స్పానర్, స్టార్ స్క్రూడ్రైవర్, టెస్టర్ నా సామాను పెట్టెలోంచి వెళ్ళాయి. ఇన్సులేషన్ టేపు మా ఆవిడ గ్యాస్ గొట్టానికి చుడదామని దాచుకున్నది. కత్తెర మా ఆవిడది. స్టూలు దేవుడి గదిది. హెడ్‌లైటు డూమ్ విప్పాక అందులోంచి వచ్చిన వైర్ల గుత్తి చూసి వాడి స్నేహితుడొకడు "అంకుల్, ఒక ఫోటో తీసి పెట్టండి, మళ్ళీ ఎలా పెట్టాలో తెలియాలిగా" అన్నాడు. అప్పుడే నాకు భయం మొదలైంది. విప్పేవాడికి బిగించడం మీద నమ్మకం లేకపోతే ఫోటోలు తీసుకుంటాడు.

పోపుల డబ్బా ప్రస్తావన వచ్చినప్పుడు మా ఆవిడ ఇప్పటికీ గొంతు పెంచుతుంది కనుక ఆ సంగతి జాగ్రత్తగా నమోదు చేస్తున్నాను. స్క్రూలు కలిసిపోకుండా ఉండాలంటే గదులున్న పాత్ర కావాలి. గుండ్రటి స్టీలు డబ్బా, లోపల ఏడు చిన్న గిన్నెలు, పైన మూత: ప్రపంచంలో స్క్రూల కోసం ఇంతకంటే మంచి సాధనం ఎవరూ తయారు చెయ్యలేదని మావాడి వాదన. మెంతుల గిన్నెలో డూమ్ స్క్రూలు, జీలకర్ర గిన్నెలో వాషర్లు, ఎండుమిరపకాయలు తీసిన చోట నట్లు. తీసిన దినుసులన్నీ ఒక కాగితం మీద కుప్ప. సాయంత్రం కడిగి, తుడిచి, దినుసులు వేరుచేసి యథాస్థానంలో పెట్టామనే ఇద్దరు ముద్దాయిలూ ప్రమాణం చేశారు. రాత్రి చారులో నా పంటి కింద కరకరలాడింది మాత్రం జీలకర్ర కాదు. దాన్ని పళ్ళెం అంచున పెట్టి చూపించాను. "హమ్మయ్య, దీనికోసమే వెతుకుతున్నా" అని వాడు దాన్ని తీసుకుపోయాడు.

ఆ గాజుగొట్టాన్ని చేత్తో ముట్టుకోకూడదట. వేలి జిడ్డు అంటితే వేడికి అక్కడే కాలి గాజు పాడవుతుంది. మంచి మాటే. అందుకని మెత్తటి గుడ్డ కావాలి. ఇంట్లో చింకి బనియన్లు బోలెడున్నాయి, కానీ వాటికి నూలు పోగులు రాలతాయని, పెళ్ళిళ్ళకని మడత పెట్టుకున్న నా జరీ కండువాతో పట్టుకున్నారు. నేనెప్పుడూ అంత అపురూపంగా మెళ్ళో వేసుకోలేదు దాన్ని.

తర్వాత అసలు చిక్కు వచ్చింది. బ్యాలస్ట్‌కి డీసీ కరెంటు కావాలి. మన బండి హెడ్‌లైటుకి వచ్చేది ఏసీ, అది కూడా ఇంజను తిరిగినంతే. పోనీ బ్యాటరీ నుంచి లాగుదామంటే, స్ప్లెండర్ బ్యాటరీ 2.5 ఆంపియర్ అవర్లది. హారనుకీ ఇండికేటర్లకీ దాని ప్రాణం సరిపోతుంది. ఈ దీపానికి మామూలుగానే మూడు ఆంపియర్లు కావాలి, వెలిగే క్షణంలో దానికి రెట్టింపు. కాబట్టి బ్యాటరీ పెద్దది వెయ్యాలి. దాన్ని నింపాలంటే రెక్టిఫైయర్ మార్చాలి. రెక్టిఫైయర్‌కి సరిపడా కరెంటు రావాలంటే కాయిల్ ఎర్త్ విప్పాలి. కాయిల్ అందాలంటే మ్యాగ్నెట్ కవర్ ఊడదియ్యాలి. కవర్ రావాలంటే గేర్ రాడ్డు తియ్యాలి. ముందు దీపం మారుస్తానని కూర్చున్నవాడు గేర్ రాడ్డు దగ్గర తేలాడు. ఇంకో రోజు వదిలేస్తే సైలెన్సర్ మీదుగా వెనక నంబరు ప్లేటు దాకా వెళ్ళి ఉండేవాడు. సివిల్ బ్రాంచి అని ఇందాక మనవి చేసింది ఇందుకే.

చివరికి ఆటోనగర్ మా వరండాకే వచ్చింది. ఒక మెకానిక్ తన బండి మీద వచ్చి, పరుచుకున్న సామాను చూసి, చెప్పులు విడిచి, "ఇది ఇంట్లో చేసే పని కాదు సార్" అన్నాడు. నేను ఆ మాటని ఇంకోసారి, కాస్త గట్టిగా చెప్పమన్నాను. చెప్పాడు. టీ చల్లారేలోపు కాయిల్ పని ముగించాడు. రిలే పెట్టి, ఫ్యూజు పెట్టి, బ్యాలస్ట్‌ని సీటు కింద తగిలించాడు. వెళ్ళేటప్పుడు ఆయన బండికి చూస్తే పచ్చటి పాత బల్బే ఉంది. "మీరు వేయించుకోలేదే?" అని అడిగాను. "నాకు రోడ్డు కనబడాలి కదా సార్" అని కిక్ కొట్టి వెళ్ళిపోయాడు.

ఈ వాక్యానికి అర్థం తర్వాత తెలిసింది.

దీపాల రంగుని కెల్విన్లలో లెక్కేస్తారు. హాలోజన్ పసుపు మూడు వేల పైచిలుకు. కార్ల కంపెనీలు తామే బిగించి ఇచ్చే జెనాన్ 4,300 దగ్గర ఉంటుంది, తెలుపే గానీ వెచ్చటి తెలుపు. మావాడు 8,000 తెప్పించాడు. ఎందుకంటే 4,300 కంటే 8,000 ఎక్కువ. పరీక్షలో మార్కుల సంగతి వేరు, ఇక్కడ అంకె పెరిగేకొద్దీ రంగు నీలానికి తిరుగుతుంది, వెలుగు తగ్గుతుంది. మా వీధిలో ఇప్పుడు రాత్రి తొమ్మిదిన్నరకి వినాయక చవితి పందిరి రంగు వచ్చేది అందుకే.

తొలి వెలుగు కార్యక్రమానికి మా ఆవిడ హారతి పళ్ళెం కూడా తెచ్చింది. నిష్పక్షపాతంగా రాస్తున్నాను గనుక అదీ దాచను. నేను లోపల ట్రాన్సిస్టర్‌లో విజయవాడ కేంద్రం వింటున్నాను. 1948 నుంచి ఆ కేంద్రం ఈ ఊరికి పాట వినిపిస్తోంది. మంచి కీర్తన, చరణంలో ఉంది. బయట స్విచ్చు నొక్కారు. నా రేడియో గర్రుమని, కీర్తన ముక్కలై, ఆ వెనకే గోడ మీద నీలం మెరుపు కనబడింది. 20,000 వోల్టులు నాకు ముందు చెవికి తెలిశాయి, తర్వాత కంటికి. వరండాలో చప్పట్లు.

ఇక వెలుగు దిద్దుబాటు. కంపెనీ హెడ్‌లైటు ఒక పద్ధతి ప్రకారం తయారవుతుంది. వెనక అద్దంలా మెరిసే గిన్నె ఉంటుందే, దాని వంపు అంతా, ఫిలమెంటు ఫలానా చోట ఉంటుందని లెక్కేసి వంచినది. డిమ్ ఫిలమెంటు కింద చిన్న లోహపు దొప్ప ఒకటి ఉంటుంది. వెలుగు గిన్నె కింది సగానికి తగలకుండా, పైకి లేవకుండా ఆపేది అదే. ఫిలమెంటు స్థానంలో మెరుపు పెట్టి, దాని చోటూ ఆకారమూ ఇంచుమించుగా సరిపెట్టేస్తే గిన్నె లెక్క తప్పుతుంది. వెలుగు రోడ్డు మీద పడాల్సింది పోయి నాలుగు దిక్కులా చెదురుతుంది. మావాడి దీపంలో డిమ్ కొడితే టక్కుమని గొట్టం కాస్త జరుగుతుంది. ఆ టక్కు నాకు వినబడుతుంది. తేడా మాత్రం కనబడదు. డిమ్‌లో కొబ్బరిచెట్టు మొవ్వు వెలుగుతుంది, బ్రైట్‌లో ఆ చెట్టు మీది కాకి లేస్తుంది.

1991లో బీఎండబ్ల్యూ వాళ్ళు తమ 7 సిరీస్ కారుకి మొదటిసారి ఈ దీపాలు పెట్టారు. ఆ తర్వాత ఐరోపాలో ఇంత వెలుగిచ్చే దీపం పెట్టాలంటే రెండు షరతులొచ్చాయి: కారు వెనక బరువు పెరిగితే దీపం తనంతట తానే కిందికి వంగాలి, అద్దం మీద దుమ్ము పడితే కడిగే పిచికారీ ఉండాలి. దుమ్ము పడిన అద్దం వెలుగుని ఎదుటివాడి కళ్ళలోకి చెదరగొడుతుంది మరి. మా స్ప్లెండర్‌లో కడిగే యంత్రాన్ని నేనే, బకెట్టుతో. వంగే యంత్రం లేదు. వెనక ఇద్దరు స్నేహితులెక్కితే ముందు చక్రం తేలి, మా వీధిలో రెండో అంతస్తు వాళ్ళు కర్టెన్లు వేసుకుంటారు.

నా చిన్నప్పుడు బస్సులకీ లారీలకీ హెడ్‌లైటు అద్దం పైసగం నల్లరంగు పూసి ఉండేది. ఎదుటివాడి కళ్ళలో పడకూడదని. డబ్బా రంగు, ఒక కుంచె. కృష్ణా బ్యారేజీ మీద ఎదురెదురుగా వచ్చే బళ్ళు ఆ సగం కళ్ళతోనే మర్యాదగా తప్పుకునేవి. ఇప్పుడు సంక్రాంతి మంచులో కరకట్ట మీద మావాడు తన పూర్తి కన్ను తెరిస్తే, పైకి చెదిరిన వెలుగు మంచుకి తగిలి తిరిగి వాడి మొహం మీదే పడుతుందట. తెల్లతెర తప్ప ఏమీ కనబడక, కిందటి నెల వేరే బండి వెనక వెనకే ఇంటికొచ్చాడు. ఆ ముందు బండికి పచ్చ బల్బు.

చట్టం చదివాను. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం, దీపం వెలుగు కిందికి వంగి ఉండాలి. ఎనిమిది మీటర్ల దూరంలో, అర మీటరు కుడికి, నేలనుంచి మీటరున్నర ఎత్తులో ఉన్న మనిషి కంటికి అది మిరుమిట్లు గొలపకూడదు. ఇదెవరు రాశారో గానీ మా వీధి కొలతలు తీసుకునే రాశారు. మా గేటు దగ్గర బండి నిలబెడితే, ఎనిమిది మీటర్లకి సరిగ్గా ఎదురింటి మాస్టారి పడక్కుర్చీ వస్తుంది. వాళ్ళ అరుగు రెండు మెట్ల ఎత్తు కాబట్టి, కూర్చున్న మాస్టారి కన్ను మీటరున్నరకి అటూ ఇటూ కాదు. పైగా ఆయనకి కొత్తగా శుక్లాల ఆపరేషన్ అయింది. చట్టం ఊహించుకున్న మనిషి కండువా వేసుకుని మా ఎదురుగా కూర్చుని ఉన్నాడు.

ఇంకాస్త చదివాను, చదవకుండా ఉంటే బాగుండేది. కంపెనీ చేసిచ్చిన బండిని సొంతంగా మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాట గట్టిగానే చెప్పింది. అదే ఏడు సవరణలో 182ఎ వచ్చింది: మార్చిన యజమానికి ఒక్కో మార్పుకి ఐదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. కాగితం తీసుకుని లెక్క మొదలెట్టాను. బల్బు ఒక మార్పా? బ్యాలస్ట్ ఇంకోటా? బ్యాటరీ, రెక్టిఫైయర్ వేరువేరా, కలిపి ఒకటేనా? అంకె ఎంతకి తేలినా సమస్య అది కాదు. ఆ వాక్యంలో 'యజమాని' అని ఉంది. ఆర్‌సీ బుక్కు ఇప్పటికీ నా పేరు మీదే ఉంది.

అంటే స్పానర్లు నావి, కండువా నాది, డబ్బులు నావి, వాషరు తిన్నది నేను, జైలుకి వెళ్ళేదీ నేనే. ఈ మాట మావాడితో చెబితే, "మనల్నెవరు ఆపుతారు నాన్నా" అన్నాడు. మనల్ని అట!

పాత బల్బు పెట్టెయ్యమని మెత్తగా చెప్పి చూశాను, గట్టిగానూ చెప్పాను. దానికి మళ్ళీ కాయిల్ ఎర్త్ కలపాలట, అంటే గేర్ రాడ్డు విప్పాలట, అంటే పోపుల డబ్బా కావాలట. మా ఆవిడ ఆ మాట వినగానే, "ఉన్నది ఉండనివ్వండి" అని తీర్మానం చేసింది. 2017 ఏప్రిల్ నుంచి వస్తున్న కొత్త బళ్ళకి హెడ్‌లైటు స్విచ్చు ఉండదు, ఇంజను నడిస్తే దీపం వెలుగుతూనే ఉంటుంది. మాది అంతకుముందుది, స్విచ్చు ఉంది. అది ఆర్పడానికి కూడా పనికొస్తుందని మావాడికి ఇంకా ఎవరూ చెప్పలేదు.

మిగిలిన ఆశ మాస్టారే. ఆయన ఒక్క ఫిర్యాదు చేస్తే చాలు, దాన్ని పట్టుకుని మిగతా కథ నేను నడిపిస్తాను. బాధితుడు ఆయన, కొలతలు చట్టంలోవి, సాక్షిని నేను. ఫిర్యాదు ముసాయిదా కూడా రాసి ఉంచాను. మొన్న రాత్రి కరెంటు పోయింది. మావాడు అప్పుడే వచ్చి గేటు ముందు బండి ఆపాడు, దీపం ఆర్పలేదు. మాస్టారు లేచారు. సరే, సమయం వచ్చిందని నేను కాగితం తీసుకుని వరండాలోకి వచ్చాను. ఆయన పడక్కుర్చీని వెనక్కి తిప్పి, వెలుగుకి వీపు పెట్టి కూర్చుని, ఒళ్ళో పేపరు విప్పారు.

"బాబూ, ఇంజను ఆపకు, ఎడిటోరియల్ సగంలో ఉంది" అన్నారు మావాడితో. తర్వాత నావైపు తిరిగి, "మా ఇన్వర్టరు పాడైందండీ. ఆపరేషనయ్యాక ఇంత స్పష్టంగా చదవడం ఇదే. రేపు కరెంటు పోయినా అబ్బాయిని కాస్త ఇటే నిలబెట్టమనండి" అన్నారు.

నిలబెడుతున్నాడు. పెట్రోలు నాదే.